త్రైమాసికం లెక్క, వారం లెక్క, ఏడాది లెక్క: అమెరికా నిరుద్యోగ భృతి ఎందుకు తికమక పెడుతుంది?

క్లుప్తంగా

అమెరికాలో నిరుద్యోగ భృతికి అర్హత ఉందా లేదా అన్నది గడిచిపోయిన త్రైమాసికాల జీతాన్ని బట్టి తేలుతుంది. ఫలానా వారానికి డబ్బు వస్తుందా రాదా అన్నది ఆ వారంలో జరిగినదాన్ని బట్టి తేలుతుంది. పన్ను ఎంతన్నది డబ్బు చేతికందిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. ఈ మూడు లెక్కలను వేర్వేరు చట్టాలు, వేర్వేరు కార్యాలయాలు నడుపుతున్నాయి. భృతి కోరేవారికి ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఒక లెక్కను ఇంకో లెక్కగా పొరబడటం వల్ల వచ్చేవే.

ఎవరి డబ్బు, ఎవరి పెత్తనం

2022 చివర్లో టెక్ కంపెనీల్లో లేఆఫ్‌లు మొదలైనప్పటి నుంచి 'అన్‌ఎంప్లాయ్‌మెంట్ వేసుకోవచ్చా' అన్న ప్రశ్న అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తోంది. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే 'అమెరికా నిరుద్యోగ భృతి' అనే ఒకే పథకం అసలు లేదు. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ, పోర్టోరికో, వర్జిన్ ఐలాండ్స్ కలిపి 53 పథకాలున్నాయి. వాటి చుట్టూ గిరి గీసింది మాత్రం కేంద్రమే: 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం మొదటి చట్టం చేస్తే, 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం ఆ పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది.

అప్పట్లో కేంద్రం వాడిన ఉపాయం ఇప్పటికీ ఈ వ్యవస్థను నడిపిస్తోంది. ప్రతి ఉద్యోగికి ఏడాదిలో చెల్లించే మొదటి 7,000 డాలర్ల జీతంపై యజమాని 6 శాతం కేంద్ర పన్ను కట్టాలి. అయితే రాష్ట్రం తన సొంత నిరుద్యోగ బీమాను కేంద్ర నిబంధనల ప్రకారం నడుపుతుంటే అందులో 5.4 శాతం మాఫీ అవుతుంది. మిగిలేది 0.6 శాతం, అంటే మనిషికి ఏడాదికి 42 డాలర్లు. ఇంత మాఫీని వదులుకోవడానికి ఏ రాష్ట్రమూ సిద్ధపడలేదు, కనుక అన్నీ పథకాలు పెట్టాయి. భృతి ఎంత, ఎన్ని వారాలు, ఏ షరతులతో అన్నవి మాత్రం రాష్ట్రాల చేతుల్లోనే ఉండిపోయాయి. ఆ 7,000 డాలర్ల పరిమితి 1983 నుంచి కదలలేదు.

భృతి ఇవ్వడానికి రాష్ట్రాలు యజమానుల నుంచి వేరే పన్ను వసూలు చేస్తాయి. ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత కోత పెట్టేవి అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మాత్రమే. ఈ రాష్ట్ర పన్నులో ఒక విశేషముంది: ఒక కంపెనీ నుంచి బయటికొచ్చినవారు ఎంత ఎక్కువ భృతి తీసుకుంటే, ఆ కంపెనీ పన్ను రేటు అంత పెరుగుతుంది. వాహన బీమాలో ప్రమాదం చేసినవారి ప్రీమియం పెరిగినట్టే ఇదీ. అకారణంగా ఉద్యోగులను తీసేయకుండా కంపెనీలను అదుపులో ఉంచాలన్నది దీని ఉద్దేశం; దాని ఉప ఫలితంగా, తమ పాత ఉద్యోగి పెట్టిన క్లెయిమ్‌ను వ్యతిరేకించడానికి కంపెనీకి ఒక ఆర్థిక కారణం దొరికింది. ఫారాల్లో 'ఉద్యోగం ఎందుకు పోయింది' అని అన్నిసార్లు, అన్ని రకాలుగా అడగడం వెనక ఉన్నది ఈ ఏర్పాటే.

అర్హత: త్రైమాసికం లెక్క

దరఖాస్తు అందగానే కార్యాలయం మొదట చూసేది మనిషి కష్టాన్ని కాదు, 'బేస్ పీరియడ్'లోని జీతాన్ని. సాధారణంగా క్లెయిమ్ పెట్టే నాటికి పూర్తయిన చివరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగింటిని బేస్ పీరియడ్ అంటారు. అన్నిటికన్నా తాజా త్రైమాసికాన్ని వదిలేయడం విడ్డూరంగా కనిపించినా, దానికి పాత కారణం ఉంది: యజమానులు జీతాల వివరాలను మూడు నెలలకోసారి పంపుతారు కాబట్టి, చివరి త్రైమాసికం లెక్కలు ఇంకా అందకపోవచ్చన్నది ఆ ఊహ. కంప్యూటర్లు వచ్చినా ఊహ అలాగే మిగిలింది.

కాలిఫోర్నియాలో ఒకరు 2025 మే నెలలో క్లెయిమ్ పెట్టారనుకుందాం. వారి బేస్ పీరియడ్ 2024 జనవరి నుంచి డిసెంబరు వరకు. 2025 జనవరి నుంచి సంపాదించినదేదీ లెక్కలోకి రాదు. అదే వ్యక్తి 2024 అంతా చదువులోనో, పిల్లల పెంపకంలోనో ఉండి 2025 జనవరిలో ఉద్యోగంలో చేరి మేలో పోగొట్టుకుంటే, మామూలు లెక్క ప్రకారం జీతం సున్నా. ఇలాంటి వారి కోసం చాలా రాష్ట్రాలు ప్రత్యామ్నాయ బేస్ పీరియడ్ పెట్టాయి. అందులో చివరి నాలుగు త్రైమాసికాలను, పై ఉదాహరణలో 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు, చూస్తారు. 'అర్హత లేదు' అన్న మొదటి ఉత్తరం చూసి వెనుదిరిగే ముందు అందులో ఏ త్రైమాసికాలు రాశారో, ఏ కంపెనీ జీతం జారిపోయిందో చూడటం అందుకే అవసరం.

కాంట్రాక్టరు హోదాలో పన్ను కోత లేకుండా డబ్బు తీసుకున్నవారి సంగతి వేరు. వారి తరఫున ఎవరూ బీమా పన్ను కట్టలేదు కనుక వారి పేరిట జీతమే నమోదు కాదు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా ప్రత్యేక చట్టం వల్ల స్వయం ఉపాధిదారులకూ భృతి దక్కింది. అది తాత్కాలిక ఏర్పాటు, 2021 సెప్టెంబరుతో ముగిసిపోయింది. అప్పటి అనుభవాన్ని బట్టి ఇప్పుడు సలహాలిచ్చేవారు తప్పుదారి పట్టించే అవకాశం ఎక్కువ.

ఒకే జీతం, మూడు రాష్ట్రాలు

వారానికి 2,000 డాలర్లు, అంటే త్రైమాసికానికి 26,000 డాలర్లు సంపాదించి, ఏడాదంతా నిలకడగా పనిచేసిన ఉద్యోగిని తీసుకుందాం. కాలిఫోర్నియా సూత్రం ప్రకారం లెక్కకట్టినా, అక్కడి గరిష్ఠ భృతి వారానికి 450 డాలర్లే కాబట్టి అంతకు మించి రాదు. 26 వారాలకు కలిపి 11,700 డాలర్లు. ఫ్లోరిడా గరిష్ఠం 275 డాలర్లు. పైగా అక్కడ భృతి వచ్చే వారాల సంఖ్య రాష్ట్ర నిరుద్యోగ రేటును బట్టి మారుతుంది, పరిస్థితి బాగున్నప్పుడు 12 వారాలే ఇస్తారు. మొత్తం 3,300 డాలర్లు. వాషింగ్టన్ రాష్ట్రంలో అత్యధికంగా సంపాదించిన రెండు త్రైమాసికాల సగటును 3.85 శాతంతో గుణిస్తారు. వచ్చేది వారానికి 1,001 డాలర్లు, 26 వారాలకు 26,026 డాలర్లు. మనిషి ఒకడే, జీతం ఒకటే. పోయిన జీతంలో అతనికి ఒకచోట సగం, ఒకచోట అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువ, ఇంకోచోట ఏడో వంతు చేతికొస్తోంది.

ఈ తేడాను రాష్ట్రాల మంచితనం, పిసినారితనంగా చూస్తే సగమే అర్థమవుతుంది. కాలిఫోర్నియా నేటికీ ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్లపైనే పన్ను వేస్తోంది. వాషింగ్టన్‌లో ఆ పరిమితి 70 వేల డాలర్లు దాటింది, ఏటా పెరుగుతూ ఉంటుంది. పన్ను పడే జీతం ఇంత చిన్నదైతే నిధి పెరగదు, నిధి పెరగకపోతే గరిష్ఠ భృతిని పెంచే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయదు. కాలిఫోర్నియా గరిష్ఠం 2005 నుంచి 450 డాలర్ల దగ్గరే ఆగింది. కరోనా కాలంలో ఆ రాష్ట్ర నిధి ఖాళీ అయి కేంద్రం నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ అప్పు దాదాపు 2,000 కోట్ల డాలర్లకు చేరింది. అప్పు తీరని రాష్ట్రంలోని యజమానులకు పైన చెప్పిన 5.4 శాతం మాఫీలో ఏటా 0.3 శాతం చొప్పున కోత పడుతుంది. అలా 2024కు కాలిఫోర్నియా యజమానులు ఒక్కో ఉద్యోగిపై 42 డాలర్లకు బదులు 105 డాలర్ల కేంద్ర పన్ను కట్టారు, ఆ అదనపు సొమ్ము భృతి పెంపునకు కాక పాత బాకీకి పోయింది.

ఉద్యోగం ఎలా పోయిందన్న ప్రశ్న

జీతం లెక్క కుదిరాక రెండో గడప ఇది. తన తప్పు లేకుండా ఉద్యోగం పోయి ఉండాలన్నది అన్ని రాష్ట్రాల్లోనూ మూల సూత్రం. లేఆఫ్‌లో వివాదం తక్కువ. చిక్కు వచ్చేది 'పనితీరు బాగోలేదు' అని తీసేసినప్పుడు, లేదా రాజీనామా చేయించినప్పుడు.

పనితీరు బాగోకపోవడమూ దుష్ప్రవర్తనా ఒకటి కాదని 1941లోనే విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఒక టాక్సీ కంపెనీ కేసులో తేల్చింది. యజమాని ప్రయోజనాలను కావాలని తోసిపుచ్చితేనే దుష్ప్రవర్తన అవుతుందని, చేతకానితనం, అరకొర నైపుణ్యం, ఒకటి రెండు పొరపాట్లు దాని కిందికి రావని ఆ తీర్పు సారాంశం. ఆ నిర్వచనాన్నే తర్వాత అనేక రాష్ట్రాలు అరువు తెచ్చుకున్నాయి. కాబట్టి రేటింగ్ సరిగా రాలేదన్న కారణంతో పంపేసిన ఉద్యోగి 'నన్ను నా తప్పు వల్లే తీశారు' అనుకుని దరఖాస్తే పెట్టకపోవడం చేజేతులా చేసుకునే నష్టం.

రాజీనామా విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. హెచ్‌ఆర్ అధికారి పిలిచి, 'మీరే రాజీనామా చేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది' అంటే సంతకం పెట్టి వచ్చినవారికి, కంపెనీ తర్వాత 'స్వచ్ఛందంగా వెళ్లారు' అని జవాబు పంపడం మామూలే. రాజీనామా చేయకపోతే తీసేస్తామన్న పరిస్థితిలో చేసిన రాజీనామాను చాలా రాష్ట్రాలు తొలగింపుగానే పరిగణిస్తాయి. కానీ ఆ మాట అన్నట్టు చూపే ఈమెయిలో, మీటింగ్ ఆహ్వానమో ఉండాలి. కంపెనీ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేశాక వాటిని తెచ్చుకోవడం జరగని పని.

ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం, అంటే సెవరెన్స్ సొమ్ము, ఇంకో మలుపు. కాలిఫోర్నియాలో అది సాధారణంగా భృతిని తగ్గించదు. న్యూయార్క్‌లో చివరి పనిదినం తర్వాత 30 రోజుల్లోపు అందిన సెవరెన్స్‌ను వారాలకు పంచి చూస్తారు. ఆ వారపు వాటా రాష్ట్ర గరిష్ఠ భృతిని మించితే ఆ వారాలకు భృతి రాదు. టెక్సాస్‌లో సెవరెన్స్ వర్తించే కాలానికి భృతి ఆగుతుంది గానీ, కంపెనీపై దావా వేయబోమన్న ఒప్పందానికి బదులుగా ఇచ్చిన సొమ్మును అక్కడ సెవరెన్స్‌గా లెక్కించరు. పెద్ద కంపెనీలు ఇచ్చే ప్యాకేజీల్లో ఇలాంటి ఒప్పందం సర్వసాధారణం కాబట్టి, కాగితం మీద పేరు ఏమని ఉందన్నదాని కన్నా దేనికి బదులుగా ఇచ్చారన్నది ముఖ్యమవుతుంది.

చెల్లింపు: వారం లెక్క

క్లెయిమ్ మంజూరైతే నెలనెలా డబ్బు దానంతట అదే వస్తుందనుకోవడం చాలామందిని దెబ్బతీసే పొరపాటు. ప్రతి వారం వేరే కేసు. వారానికోసారి, కాలిఫోర్నియా వంటి చోట్ల రెండు వారాలకోసారి, 'సర్టిఫికేషన్' పేరిట కొన్ని ప్రశ్నలకు జవాబివ్వాలి: పని చేశారా, సంపాదించారా, వచ్చిన పనిని కాదన్నారా, పని చేయగల ఆరోగ్యం ఉందా, ఉద్యోగం వెతికారా. జవాబివ్వని వారానికి డబ్బు లేదు. క్లెయిమ్ మొదలయ్యేది కూడా సాధారణంగా దరఖాస్తు పెట్టిన వారం నుంచే తప్ప ఉద్యోగం పోయిన రోజు నుంచి కాదు. మూడు వారాలు ఆలోచించి పెడితే ఆ మూడు వారాలూ పోయినట్టే, బలమైన కారణం చూపి వెనక్కి జరిపించుకుంటే తప్ప. దానికి తోడు కాలిఫోర్నియాతో సహా అనేక రాష్ట్రాల్లో మొదటి అర్హమైన వారానికి డబ్బివ్వరు. నిరీక్షణ వారంగా లెక్కేస్తారు.

చిన్నాచితకా పని దొరికితే మొత్తం భృతి పోతుందన్న భయం కూడా సరికాదు. కాలిఫోర్నియాలో వారపు సంపాదనలో 25 డాలర్లు లేదా నాలుగో వంతు, ఏది ఎక్కువైతే అది లెక్కలోంచి తీసేస్తారు. భృతి 450 డాలర్లున్న మనిషి ఒక వారంలో 200 డాలర్లు సంపాదిస్తే 50 తీసేసి 150 కోస్తారు, 300 ఇస్తారు. చేతికి వచ్చేది మొత్తం 500. మిగిలిన 150 ఎక్కడికీ పోదు, క్లెయిమ్ ఖాతాలోనే ఉండి తర్వాతి వారాలకు పనికొస్తుంది. ఇతర రాష్ట్రాల సూత్రాలు వేరైనా, పాక్షిక భృతి అన్న భావన అన్నిచోట్లా ఉంది.

ప్రమాదం ఉన్నది సంపాదనను ఏ వారానికి రాయాలన్న దగ్గర. నియమం ఒకటే: డబ్బు చేతికందిన వారం కాదు, పని చేసిన వారం, చేతికొచ్చే మొత్తం కాదు, కోతలకు ముందున్న మొత్తం. ఒకరు బుధవారం కొత్త ఉద్యోగంలో చేరారు, గంటకు 40 డాలర్లు, శుక్రవారం దాకా 24 గంటలు పనిచేశారు. మొదటి జీతం పడేది రెండు వారాల తర్వాత. బ్యాంకు ఖాతాలో రూపాయి, అదే డాలరు, పడలేదు కనుక ఆదివారం సర్టిఫికేషన్‌లో 'సంపాదన లేదు' అని నొక్కారు, 450 డాలర్లు వచ్చాయి. అబద్ధమాడుతున్నామన్న ఆలోచనే వారికి ఉండకపోవచ్చు. కానీ పని చేసిన వారం లెక్కలో వారి సంపాదన 960 డాలర్లు, ఆ వారానికి భృతి సున్నా.

ఇది బయటపడకుండా ఉండదు. కొత్తగా చేర్చుకున్న ఉద్యోగి వివరాలను యజమాని 20 రోజుల్లోగా రాష్ట్రానికి తెలపాలన్న నియమం 1996 నుంచి ఉంది. ఆ వివరాలు జాతీయ జాబితాలోకి చేరతాయి, నిరుద్యోగ కార్యాలయాలు తమ చెల్లింపులను వాటితోనూ, త్రైమాసిక జీతాల నివేదికలతోనూ పోల్చి చూస్తాయి. నెలల తర్వాత ఓవర్‌పేమెంట్ నోటీసు, అంటే రావలసినదాని కన్నా ఎక్కువ తీసుకున్నారన్న ఉత్తరం, వస్తుంది. పొరపాటని తేలితే తీసుకున్నది తిరిగి కట్టాలి. కొన్ని పరిస్థితుల్లో మాఫీ కూడా కోరవచ్చు. మోసమని తేల్చితే కేంద్ర చట్టం ప్రకారం కనీసం 15 శాతం జరిమానా తప్పదు, కాలిఫోర్నియాలో అది 30 శాతం. కట్టకపోతే కేంద్ర ఆదాయపు పన్ను రిఫండ్‌లోంచి జమ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది.

ఆగిన డబ్బు, అప్పీలు

కారణం మీద వివాదం తలెత్తితే క్లెయిమ్ విచారణకు వెళ్తుంది. మొదటి చెల్లింపుల్లో కనీసం 87 శాతం, నిరీక్షణ వారం ఉన్న రాష్ట్రాల్లో 14 రోజుల్లో, లేనిచోట్ల 21 రోజుల్లో జరగాలన్నది కేంద్ర ప్రమాణం. ఈ ప్రమాణం వెనక 1971 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అర్హత తేలిన తర్వాత యజమాని అప్పీలుకు వెళ్లాడన్న ఒక్క కారణంతో చెల్లింపు ఆపరాదని, 'రావలసినప్పుడు' డబ్బు ఇవ్వాలన్న చట్టపు మాటకు అర్థం అదేనని కోర్టు చెప్పింది. మామూలు రోజుల్లో ఇది చాలావరకు నడుస్తుంది. 2020 వసంతంలో ఒక్క వారంలోనే 60 లక్షలకు పైగా కొత్త క్లెయిమ్‌లు పడ్డప్పుడు మాత్రం ప్రమాణమూ ప్రమాణం కాకుండా పోయింది.

తిరస్కరణ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన గీత అప్పీలు గడువు. టెక్సాస్‌లో 14 రోజులు, ఫ్లోరిడాలో 20, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో 30. అప్పీలు ఎక్కువగా ఫోనులోనే నడిచే విచారణ. ఇరుపక్షాలూ ప్రమాణం చేసి చెబుతాయి, కాగితాలు ముందే పంపుకోవాలి. ఇక్కడ వారం లెక్క మళ్లీ అడ్డొస్తుంది. అప్పీలు తేలేదాకా ఎలాగూ డబ్బు రాదు కదా అని సర్టిఫికేషన్ ఆపేసినవారు, రెండు నెలల తర్వాత గెలిచినా ఆ రెండు నెలల డబ్బు పొందలేరు. గెలుపు క్లెయిమ్‌కు సంబంధించినది. డబ్బు వారానికి సంబంధించినది.

వీసా మీద ఉన్నవారి సంగతి

హెచ్-1బి ఉద్యోగి తరఫున కూడా కంపెనీ ఈ బీమా పన్ను కడుతుంది. అయినా ఉద్యోగం పోయినప్పుడు వారికి భృతి దక్కడం అరుదు. 'ఆ వారంలో పనికి అందుబాటులో ఉన్నారా' అన్న షరతులో చట్టబద్ధంగా పని చేయగలిగి ఉండటమూ ఇమిడి ఉంది. హెచ్-1బి అనుమతి ఒక యజమానికి కట్టిన అనుమతి కనుక, ఆ యజమాని పోగానే అందుబాటు పోయినట్టేనని అనేక రాష్ట్రాల వాదన. నిర్ణయం రాష్ట్రానిది, కనుక ఫలితాలు ఒకేలా ఉండవు. 2017 నుంచి అమల్లో ఉన్న 60 రోజుల గ్రేస్ పీరియడ్ దేశంలో ఉండి కొత్త స్పాన్సరును వెతుక్కోవడానికి అవకాశమిస్తుందే గానీ, పని అనుమతి ఇవ్వదు. దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఆ 60 రోజులూ ఉండవు.

గ్రీన్‌కార్డు దరఖాస్తు చివరి మెట్టులో ఉండి పని అనుమతి కార్డు, అంటే ఈఏడీ, చేతిలో ఉన్నవారు, హెచ్-4 ఈఏడీతో పనిచేసిన జీవిత భాగస్వాములు వేరే స్థానంలో ఉన్నారు. వారు ఏ యజమాని దగ్గరైనా పని చేయగలరు కనుక అందుబాటు షరతు తీరుతుంది, మిగతా షరతులు అందరితో సమానం. భృతి తీసుకుంటే రేపు గ్రీన్‌కార్డుకు 'పబ్లిక్ చార్జ్', అంటే ప్రభుత్వ సాయంపై బతికే మనిషన్న ముద్ర, అడ్డొస్తుందన్న ప్రచారం విస్తృతంగా ఉంది. ఉద్యోగం ద్వారా సంపాదించుకున్న బీమా హక్కుగా నిరుద్యోగ భృతిని ఇమిగ్రేషన్ శాఖ ఆ లెక్కలో చేర్చదు. ఎఫ్-1 విద్యార్థి వీసాపై, చదువుకు అనుబంధంగా ఇచ్చే పని అనుమతి అయిన ఓపీటీలో పనిచేసినవారిది మరో కథ: పన్నుల దృష్టిలో నాన్ రెసిడెంట్లుగా ఉన్నంతకాలం వారి జీతంపై కేంద్ర నిరుద్యోగ పన్నే పడదు.

పన్ను: ఏడాది లెక్క

భృతి మీద పన్నేమిటన్న ఆశ్చర్యం కిందటేడాది అందిన భృతిని చూపే 1099-జి ఫారం ఏటా జనవరిలో వచ్చినప్పుడు కనిపిస్తుంది. 1979కి ముందు దీనిపై కేంద్ర పన్ను లేదు. ఆ ఏడాది నుంచి ఎక్కువ ఆదాయం ఉన్నవారిపై పాక్షికంగా, 1987 నుంచి అందరిపై పూర్తిగా పడుతోంది. ఈ నియమం సడలిన సందర్భాలు రెండు: 2009లో మొదటి 2,400 డాలర్లకు, 2020లో లక్షన్నర డాలర్ల లోపు ఆదాయం ఉన్నవారికి 10,200 డాలర్ల దాకా మినహాయింపు ఇచ్చారు. రెండూ ఆ ఏళ్లకే పరిమితం. జీతానికి బదులుగా వచ్చేది జీతంలాగే పన్ను పడాలి అన్నది చట్టం తర్కం. అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద జీతంలో కోసే 7.65 శాతం భృతిలో ఉండదు. సెవరెన్స్‌లో మాత్రం ఆ కోత ఉంటుంది, 2014లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది.

రాష్ట్ర పన్ను మళ్లీ 50 దారులు. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లలో జీతాలపై ఆదాయపు పన్నే లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా భృతిని పన్ను నుంచి మినహాయించాయి. న్యూయార్క్ వేస్తుంది.

కేంద్ర పన్నును ముందే కోయించుకోవాలంటే డబ్ల్యూ-4వి ఫారం గానీ, రాష్ట్ర పోర్టల్లో అలాంటి ఎంపిక గానీ వాడాలి. కోత రేటు 10 శాతమే, ఎక్కువా తక్కువా ఎంచుకునే వీలు లేదు. ఇది ఎవరికి చాలదు? ఒంటరిగా పన్ను కట్టే ఉద్యోగి మే నెలలో ఉద్యోగం పోగొట్టుకుంటే, అప్పటిదాకా కంపెనీ అతని జీతం ఏడాదంతా ఉంటుందన్న లెక్కతో పన్ను కోసింది. అసలు ఆదాయం అంత రాలేదు కనుక ఆ కోతలో కొంత మిగులు ఉంటుంది. భృతిపై రావలసిన పన్నును అది చాలావరకు మింగేస్తుంది. జీవిత భాగస్వామి మంచి జీతంతో ఉద్యోగంలో కొనసాగుతుంటే ఆ మిగులు పలచబడుతుంది. దంపతుల ఉమ్మడి ఆదాయం 22 శాతం శ్లాబులో ఉంటే కాలిఫోర్నియా భృతి 11,700 డాలర్లపై పన్ను 2,574 డాలర్లు. 10 శాతం కోతలో జమయ్యింది 1,170. మిగతా 1,404 డాలర్లు వెతుక్కోవాలి. కోత అసలే పెట్టుకోకపోతే మొత్తం బాకీ. అలాంటివారు ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, జనవరి 15 గడువులతో అంచనా పన్ను కట్టవచ్చు, లేదా ఉద్యోగంలో ఉన్న భాగస్వామి జీతంలో కోత పెంచుకోవచ్చు, రెండోది సులువు. రిటర్న్‌లో బాకీ 1,000 డాలర్ల లోపుంటే జరిమానా ఉండదు, కిందటేడాది పన్నుకు సమానంగా ఈ ఏడాది జమయి ఉన్నా ఉండదు. కిందటేడాది ఆదాయం లక్షన్నర దాటినవారికి మాత్రం ఆ రెండో కొలత 110 శాతం.

తక్కువ జీతాల కుటుంబాలకు దెబ్బ మరో వైపు నుంచి తగులుతుంది. పనిచేసి సంపాదించిన ఆదాయంపై ఇచ్చే ఈఐటీసీ క్రెడిట్‌కు, అంటే పన్ను రాయితీకి, భృతిని సంపాదనగా గుర్తించరు, కానీ మొత్తం ఆదాయంలో మాత్రం కలుపుతారు, దాంతో ఆ రాయితీ తగ్గిపోవచ్చు.

పోల్చి చూస్తే, జర్మనీలో భృతి చేతికొచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. దానిపై నేరుగా పన్ను లేదు, మిగతా ఆదాయంపై రేటు నిర్ణయించేటప్పుడు మాత్రం లెక్కలోకి తీసుకుంటారు. కెనడాలో భృతిపై పన్ను ఉంది, చెల్లించేటప్పుడే కోస్తారు. ఏడాది ఆదాయం ఒక మేర దాటితే భృతిలో కొంత వెనక్కి కూడా తీసుకుంటారు. ఆ రెండు దేశాల్లో ఉద్యోగి కూడా ప్రీమియం కడతాడు. అమెరికాలో కట్టేది దాదాపుగా యజమాని ఒక్కడే, పన్ను భారం మాత్రం పూర్తిగా తీసుకున్నవారిది.

మూడు లెక్కలూ ఒకదానికొకటి తగిలే చోట

పన్ను లెక్కలో ముఖ్యమైనది ఏ వారానికి ఇచ్చారన్నది కాదు, ఏ రోజు ఇచ్చారన్నది. డిసెంబరు చివరి రెండు వారాల భృతి జనవరిలో అందితే అది కొత్త సంవత్సరపు 1099-జిలోకి వెళ్తుంది. అప్పీలు గెలిచి నిరుటి వారాలకు ఒకేసారి డబ్బు అందినా అంతే. కాబట్టి సర్టిఫికేషన్ చేసిన వారాలను కూడి చూసుకుని ఫారంలోని అంకె తప్పనుకోవడం తొందరపాటు. చెల్లింపు తేదీలతో సరిచూడాలి. ఫారంలో కనిపించేది కోతలకు ముందున్న మొత్తం అన్నదీ గుర్తుంచుకోవాలి. అసలు ఒక్క వారం కూడా భృతి తీసుకోనివారికి ఫారం వచ్చిందంటే మాత్రం అది తప్పుడు గుర్తింపుతో ఎవరో పెట్టిన క్లెయిమ్ కావచ్చు. కరోనా కాలంలో ఇవి వెల్లువెత్తాయి. రాష్ట్రానికి ఫిర్యాదు చేసి సరిదిద్దిన ఫారం అడగాలి, అది వచ్చేదాకా ఆగకుండా నిజంగా అందిన ఆదాయంతోనే రిటర్న్ వేయాలి.

తిరిగి కట్టిన సొమ్ము విషయంలో ఈ లెక్కల ఘర్షణ నేరుగా జేబుకు తగులుతుంది. అందుకున్న ఏడాదే తిరిగి కట్టేస్తే ఆ ఏడాది భృతిలోంచి తీసేసి రిటర్న్ వేయవచ్చు. ఓవర్‌పేమెంట్ నోటీసు నెలల తర్వాత వస్తుంది కాబట్టి, కట్టడం తరచు మరుసటి ఏటికి జారుతుంది. అప్పుడు తిరిగి కట్టింది 3,000 డాలర్లు మించితే, ఆ మొత్తాన్ని తగ్గించుకోవడమో, పాత ఏట దానిపై కట్టిన పన్నును క్రెడిట్‌గా రాబట్టుకోవడమో ఏది లాభమైతే అది ఎంచుకోవచ్చు. 3,000 లేదా అంతకన్నా తక్కువైతే కేంద్ర రిటర్న్‌లో ఏ సర్దుబాటూ లేదు: ఫ్లోరిడాలో పది వారాలు 275 చొప్పున తీసుకుని, అప్పీలులో యజమాని గెలవడంతో మరుసటి ఏడాది 2,750 డాలర్లూ తిరిగి కట్టేసిన మనిషి, తన దగ్గర లేని ఆ సొమ్ముపై కట్టిన పన్నును వదులుకోవలసిందే.